ప్రేలని బాంబునకు బాధ్యులెవ్వరు?

1942వ సంవత్సరము ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు వేసినవి. నాడు విశాఖలో పడి ప్రేలక మిగిలిన బాంబొకటి అచ్చటి ప్రదర్శనశాలలో నుంచబడినది. దానిని చూడవచ్చినవారు, అది ప్రేలకపోవుట ఊరివారి పుణ్యమని చెప్పుకొనుట సహజము. ఆ మాట ఎంతవఱకు నిజమో విచారింపదగియున్నది. ప్రదర్శనశాలకు చేరిన బాంబు పుణ్యమే. పొలములో దిగబడి మట్టి కప్పుకొన్నదియు, చెరువుపూడికలో కూరుకొన్నదియు, పాతయినుముతో కలసి లారీ యెక్కి దేశాంతరము పోయినదియు పుణ్యము కాదు. వకీళ్ళ భాషలో చెప్పవలెనన్న, అక్కడ వ్యాజ్యము కొట్టివేయబడలేదు, వాయిదా పడినది. వాయిదానాటికి బాంబు వేసినవాడు కోర్టులో కనబడడు. పలుగుతో దానిని తాకినవాడే ప్రతివాదిగా నిలుచును.

హిందూపురము, పెనుగొండ, ధర్మవరములవారికి ఈ విచారము దేనికని చదువరులు అడుగవచ్చును. మన మిద్దెలమీద ఏ యుద్ధములోను విమానపు బాంబు పడలేదు. పెనుగొండకోట విజాపురమువారి ముట్టడులు చూచినది గాని ఆనాటి గుండ్లు రాతివి, ఇనుపవి; పడినచోటనే తమ పని ముగించుకొని ఊరకుండెడివి. నూఱేండ్ల తరువాత గొర్రెలకాపరి వానిని దొర్లించినను ప్రమాదము లేదు. అయినను ఈ విషయము మన గడపకు రెండు దారులను వచ్చియున్నది. ఆ దారులను తరువాత చూపెదను. ముందుగా ఆ యంత్రమెట్టిదో తెలిసికొనక బాధ్యత ఎవ్వరిదో నిర్ణయించుట సాక్ష్యము వినకుండ తీర్పు చెప్పుట యగును.

మన సీమలో బావి త్రవ్వించినవారందఱకు తూటా సంగతి తెలియును. రాతిలో బెజ్జము తొలిచి, తూటా దూర్చి, ఒత్తి ముట్టించి, దూరముగ పరుగెత్తి, చెవులు రిక్కించుకొని శబ్దములు లెక్కపెట్టుదురు. ఆఱు పెట్టినప్పుడు అయిదే ప్రేలినయెడల, మేస్త్రి ఎవ్వరిని బావిలోనికి దిగనీయడు. మన దేశమున గనులకు వర్తించు నిబంధనలలోను ఇదే మర్యాద వ్రాయబడియున్నది. ప్రేలినవానిని లెక్కింపవలెను, లెక్క తగ్గినచో కొంతసేపు అటు పోరాదు, ప్రేలని తూటా యున్నచో ఆ సంగతిని తరువాతి షిఫ్టువారికి తెలిపి అప్పగింపవలెను. కూలినాలి చేసికొని బ్రదుకు మేస్త్రినుండి చట్టము కోరు ఈ మర్యాదను, వేలకొలది బాంబులు వేసిన ప్రభుత్వములనుండి చాలకాలము ఎవ్వరును కోరలేదు. నేను చెప్పదలచిన దంతయు ఈ ఒక్క వ్యత్యాసమును గుఱించియే.

బాంబులోని ముఖ్యమైన మందు మొద్దుస్వభావము గలది. టి.ఎన్.టి., అమటాలు మొదలగునవి చేయి జాఱి క్రిందపడినంతమాత్రమున ప్రేలవు. ప్రేలునవే అయినచో వానిని విమానముపైకి ఎక్కించుటకు ఎవ్వడును సాహసింపడు. ఆ మొద్దునిద్దురను చెడగొట్టుటకు చిటికెడు సుకుమారమైన మందు కావలెను. సూదిమొన తగిలినంతనే అది భగ్గుమని, తనకంటె కొంచెము పెద్దదానిని రేపును. అది నడుమనున్న మఱియొక మందును రేపును. అదియు కలసి కడపట ఆ మొద్దుమందును లేపును. నిప్పురవ్వనుండి గడ్డివామికి మంట ప్రాకునట్లు, చిన్నదానినుండి పెద్దదానికి ప్రేలుడు ప్రాకును. సూదిని ఆ సుకుమారపు మందుమీదికి సరియైన క్షణమున త్రోయుటయే ఫ్యూజు చేయవలసిన పని.

బ్రిటిషు వైమానికదళమువారు దీనికి రెండు పేరులు వాడిరి. తనలోనే ప్రేలుడుమందు గలదానిని ఫ్యూజు అనిరి. తనలో మందేమియు లేక, వేఱుగ నమర్చిన డిటోనేటరును పొడుచుటకు మాత్రము పనికివచ్చు యంత్రమును పిస్టలు అనిరి. రెండవ ప్రపంచయుద్ధములో వారి పెద్ద బాంబులలో పెక్కింటికి ముక్కునందో తోకయందో, ఒక్కొకప్పుడు రెంటియందునో, ఈ పిస్టళ్ళే యుండెడివి. ఇందు విద్యుచ్ఛక్తి లేదు. మరలు, స్ప్రింగులు, తీగలు, సూది, అంతే. జర్మనులు తమ బాంబులలో విద్యుత్‌ఫ్యూజులు వాడుచుండగా, బ్రిటిషువారు ఎక్కువగ ఈ యాంత్రికపద్ధతినే నమ్ముకొనిరి.

విమానమునకు క్రింద వ్రేలాడుచున్నప్పుడు బాంబు ప్రేలకుండుటకు వారు చేసిన ఉపాయము చక్కనిదేయని ఒప్పుకొనవలెను. పిస్టలు చివర చిన్న గాలిచక్రముండును. తిరునాళ్ళలో పిల్లలు పట్టుకొని పరుగెత్తు రంగుకాగితపు గాలిమరవంటిదే, ఇది రేకుతో చేసినది. విమానములో నున్నంతసేపు అది తిరుగకుండ ఒక పిన్నో పట్టో అడ్డుపడియుండును. ఆ అడ్డునకు కట్టిన తీగ విమానమునకు తగిలించబడియుండును. బాంబు జాఱినంతనే తీగ విమానముననే నిలిచిపోయి అడ్డు ఊడివచ్చును, గాలిచక్రము తిరుగనారంభించును, తిరిగినకొలది లోపలి మర సడలి, కొన్ని చుట్లు పూర్తియగునప్పటికి సూదికి స్వేచ్ఛ కలుగును. విమానికుడు బాంబును ప్రేలకుండ పారవేయదలచిన, తీగను విమానమునుండి వదలివేయవచ్చును; అప్పుడు అడ్డుతోకూడనే బాంబు క్రిందపడును. ముక్కునందలి పిస్టలులో సూదిని సన్నని తీగ యొకటి ఆపియుంచును. నేల తాకిన దెబ్బకు ఆ తీగ తెగి సూది లోనికి దూసికొనిపోవును. తోకయందలి పిస్టలు తంత్రము వేఱు. బాంబు నేలను తాకి ఆగిపోవును గాని, లోపలి బరువైన సూది తన వేగమును విడువక ముందునకే పోవును. వేగముగ పోవు బస్సు బ్రేకు వేసినప్పుడు నిలుచున్నవారు ముందునకు తూలిపడుట మనకందఱకు అనుభవమే గదా. ఆ తూలుటయే ఇచ్చట సూదిని డిటోనేటరుమీదికి త్రోయును.

ఇంత సరళమైనది ఎందుకు విఫలమగును? సరళమైనది గనుకనే యని నా అభిప్రాయము. ప్రతి అంగమును మఱియొకదానిపై ఆధారపడియున్నది. బాంబు మిక్కిలి తక్కువ ఎత్తునుండి పడినచో గాలిచక్రము కావలసినన్ని చుట్లు తిరుగకముందే నేల వచ్చిపడును. చక్రము వంగినను, మంచు పట్టినను తిరుగదు. బురదనేలలోనో నీటిలోనో పడినచో దెబ్బ మెత్తబడును. బాంబు అడ్డముగ పడినచో సూది పోవలసిన దిక్కు తప్పును. రాతికి తగిలి పిస్టలే నలిగిపోయినచో సూది ఉన్నచోటనే బిగిసిపోవును. కర్మాగారమున మర ఒక వెండ్రుకవాసి బిగువుగ చేయబడినను ఇంతే. రెండవ ప్రపంచయుద్ధమున వేసిన బాంబులలో రమారమి పదింట నొకటి ప్రేలలేదని తఱచుగ చెప్పు అంచనా.

ఇందు ఒక విశేషము మఱువరాదు. విఫలమైన పిస్టలు అనగా చచ్చిన పిస్టలు కాదు. చక్రము తిరిగి, మర పూర్తిగ సడలి, సూది సగము దూరము వచ్చి ఆగిపోయియుండవచ్చును. అట్టిది కర్మాగారమునుండి బయలుదేఱిననాటికంటె నేలలో పడియున్ననాడే ఎక్కువ భయంకరమైనది. ధర్మవరములో నేతగాడు పడుగులో పోగు తెగినంతనే మగ్గమునాపి ముడివేయును. ముడి వేయకపోయినను చీర విప్పినప్పుడు లోపము కంటబడును. షావుకారు ధర తగ్గించును. అనగా లోపము చేసినవానికడకే తిరిగివచ్చును. బాంబులోని లోపము మాత్రము చేసినవానికడకు గాని, వేసినవానికడకు గాని ఎన్నటికిని తిరిగిరాదు.

ఈ మాటకు ఒక్క మినహాయింపు జ్ఞాపకమునకు వచ్చుచున్నది. 1982లో ఫాక్‌లండు దీవులకొఱకు జరిగిన యుద్ధమున అర్జెంటీనా విమానములు అలలను ఒరసికొనునంత తక్కువ ఎత్తున వచ్చి బ్రిటిషు నౌకలమీద వేయిపౌనుల బాంబులు వేసినవి. ఆ వేయిపౌనుల బాంబులు బ్రిటనులో తయారయి అర్జెంటీనాకు అమ్మబడినవి. పలుబాంబులు ఫ్యూజు సిద్ధపడకమునుపే నౌకలలో దిగబడి ప్రేలకుండెను. మే 23న ఆంటిలోపు అను నౌకలో దిగబడిన రెంటిలో ఒకదానిని నిర్వీర్యము చేయబోగా అది ప్రేలి బ్రిటిషు సైనికుడొకడు మరణించెను. మరునాడు నౌక మునిగెను. ప్రేలని బాంబు తన పుట్టినింటివారినే చేరుట అరుదు.

మనమీద పడినవాని కథ వేఱు. 1919 ఏప్రిలు 14న, జలియన్‌వాలాబాగు మఱునాడు, పంజాబులోని గుజ్రన్‌వాలాపట్టణముమీదను (అది నేడు పాకిస్తానులో నున్నది) చుట్టుపట్ల గ్రామములమీదను బ్రిటిషు విమానములు పంపబడినవి. మేజరు కార్బెరీ అను విమానికుడు బాంబులు వేసి, మరతుపాకి కాల్చెను. పట్టణమునకు వెలుపల ధుల్లా అను గ్రామముకడ పడినవానివలన ఒక స్త్రీయు, ఒక బాలుడును మరణించిరి. ఖాల్సా ఉన్నతపాఠశాల యావరణమునను బాంబు పడెను. ఆనాడు ఎనిమిది బాంబులు వేసినట్లును, అందు కొన్ని ప్రేలనట్లును విచారణలో వెల్లడియయ్యెను. హంటరు సంఘములోని అధికసంఖ్యాకులు విమానములు పంపుటను సమర్థించి, విమానికునకిచ్చిన ఆజ్ఞలలోని లోపమును మాత్రమే ఎత్తిచూపిరి; భారతీయసభ్యులు మువ్వురు వేఱుగ నివేదిక వ్రాసిరి. ఆ ముద్రితపుటలలో బాంబులు వేయుట న్యాయమా అను చర్చ యున్నది. ప్రేలనివానిని ఊరివారికి చూపి, తీసివేయవలసినవారెవ్వరను ప్రశ్నకు మాత్రము పీట వేయబడలేదు.

అదే సంవత్సరము మే 24న హాండ్లీ పేజి అను పెద్ద విమానము కాబూలుమీదికి పోయి 112 పౌనుల బాంబులు నాలుగును, 20 పౌనుల బాంబులు పదునాఱును వేసివచ్చెను. 1925లో వజీరిస్తానుపై కేవలము విమానములతోనే ఒక దండయాత్ర జరిగెను. 1933లో జినీవా నిరాయుధీకరణసభలో బ్రిటిషు ప్రభుత్వము ప్రవేశపెట్టిన ముసాయిదా విమానములనుండి బాంబులు వేయుటను నిషేధింపవలెనని చెప్పుచునే, కొన్ని దూరప్రాంతములలో శాంతిభద్రతలకొఱకు వేయుటను మినహాయించినది. దూరప్రాంతములనగా ఎవరికి దూరమో చదువరులు గ్రహింతురు. లండనుకు దూరమైనది అచ్చట నివసించువానికి సొంత ఇల్లు.

ఇక చట్టమువైపు చూతము. 1908 ఏప్రిలు 30న ముజఫర్‌పూరులో ఖుదీరాం బోసు బాంబు వేసెను. ఇరువురు ఆంగ్లస్త్రీలు మరణించిరి. నలువది దినములైన గడువకమునుపే, జూను 8న, ప్రభుత్వమువారు రెండు చట్టములు చేసిరి. ఒకటి ప్రేలుడుపదార్థముల చట్టము, రెండవది పత్రికలను అణచు చట్టము. రెండును ఒకే దినమున పుట్టిన కవలలు. పత్రికల చట్టము ఎన్నడో పోయినది. ప్రేలుడుపదార్థముల చట్టము సవరణలతో నేటికిని అమలులో నున్నది. దాని రెండవ సెక్షనులోని నిర్వచనము న్యాయవాదులు తప్పక చదువదగినది. ప్రేలుడు కలిగించుటకు ఉపయోగపడు యంత్రమే గాక, ఆ యంత్రములోని యే భాగమైనను ప్రేలుడుపదార్థమే యని అందు వ్రాయబడినది. అనగా మందేమియు లేని ఇనుప పిస్టలు కూడ, వట్టి గాలిచక్రము కూడ, చట్టము దృష్టిలో ప్రేలుడుపదార్థముగ ఎంచబడవచ్చును. అయిదవ సెక్షను ప్రకారము, అనుమానాస్పదమైన పరిస్థితులలో అట్టిదానిని తన వశమున నుంచుకొన్నవాడు అది న్యాయమైన ప్రయోజనము కొఱకేయని తానే ఋజువు చేసికొనవలెను.

ఈ చట్టము అనవసరమని నేననుట లేదు. రహస్యముగ బాంబులు చేయువారిని శిక్షింపని ప్రభుత్వము ప్రభుత్వమే కాదు. కాని నూఱేండ్లు దాటినను ఈ శాసనము కన్ను ఒక్కవైపునకే చూచుచున్నది. దొరికినవానిని చూచును, విడిచినవానిని చూడదు. నేలలో దొరికిన ఇనుపముక్కను సంచిలో వేసికొని పాతసామానుల అంగడికి పోవు పేదవాడు చట్టమునకు కనబడును. ఆ ముక్కను ఆకాశమునుండి పడవేసిన సర్కారు కనబడదు.

ఐరోపాఖండమున ఈ ఋణము ఇప్పటికిని తీరలేదు. 2011 డిసెంబరు 4న జర్మనీలోని కోబ్లెంజు పట్టణమున, రైను నది నీరు తగ్గి బయటపడిన 1.8 టన్నుల బ్రిటిషు బాంబును నిర్వీర్యము చేయుటకు 45,000 మంది జనులను ఇండ్లు ఖాళీ చేయింపవలసివచ్చినది. 2017 సెప్టెంబరు 3న ఫ్రాంక్‌ఫర్టులో అట్టిదే మఱియొక బ్రిటిషు బాంబుకొఱకు అఱువదివేలమందికి పైగా తరలిరి. వైద్యశాలలు కూడ ఖాళీ అయినవి. 2020 అక్టోబరు 13న పోలండులోని ష్వినోవిశ్చె కడ, 1945లో బ్రిటిషువారు యుద్ధనౌకను ముంచుటకు వేసిన అయిదుటన్నులకు మించిన టాల్‌బాయ్ బాంబు, నీటిలో మెల్లగ కాల్చివేయబోగా ఒక్కసారిగ ప్రేలెను. ముందుజాగ్రత్తవలన ఎవరికిని హాని కలుగలేదు. ఇంత సొమ్ము, ఇంత శాస్త్రజ్ఞానము, యుద్ధకాలమున పైనుండి తీసిన ఛాయాచిత్రములుకూడ గల దేశముల స్థితి ఇది. మన దేశమునను 2024 జూనులో పశ్చిమబెంగాలులోని ఝాడ్‌గ్రాము జిల్లాలో రెండవ ప్రపంచయుద్ధకాలపు బాంబు పొలములో బయటపడగా, ప్రభుత్వమువారు వైమానికదళముయొక్క సాయముతో దానిని ధ్వంసము చేసిరి.

అంతర్జాతీయన్యాయము మేల్కొనకపోలేదు. 2003 నవంబరు 28న జినీవాలో అంగీకరింపబడిన అయిదవ ప్రోటోకాలు, యుద్ధానంతరము మిగిలిన ప్రేలుడుసామగ్రిని గుఱించినది. బావి మేస్త్రి చేయుచున్నదే ఇందును కోరబడినది. ఎక్కడ, ఏమి, ఎన్ని ప్రయోగించితిరో లెక్క వ్రాసియుంచవలెను, యుద్ధము ముగిసినంతనే ఆ లెక్కను ఆ ప్రాంతమువారికి అప్పగింపవలెను, తీసివేయుటకు సాయపడవలెను. భారతదేశము 2005లోనే దీనికి సమ్మతి తెలిపినది. అది మన గౌరవమునకు తగిన పని. 2006 నవంబరు 12న ప్రోటోకాలు అమలులోనికి వచ్చెను. కాని దీని ముఖ్యబాధ్యతలు అటుపిమ్మటి యుద్ధములకే. పాత బాంబుల విషయమున బాధితదేశము సాయమడుగవచ్చునని మాత్రమున్నది; ఇయ్యవలసిన నిర్బంధము బలహీనము. అదియు గాక "సాధ్యమైనంతవఱకు" అను పదము ఇందు పలుచోట్ల దూర్చబడినది. దస్తావేజులో ఆ పదము కనబడినప్పుడు మా వృత్తివారము కక్షిదారునకు ఎట్టి ఆశలు కల్పింపము.

ఇక మన గడపకు వచ్చిన రెండు దారుల మాట. మొదటిది తుక్కుయినుము దారి. 2004 సెప్టెంబరు 30న ఘాజియాబాదు సమీపమున ఉక్కు కర్మాగారములో విదేశమునుండి వచ్చిన తుక్కులోని ఫిరంగిగుండ్లు ప్రేలి పదిమంది పనివారు మరణించిరి. ఏ యుద్ధములోనో ప్రేలక మిగిలినవి, ఏ ఎడారిలోనో పోగుచేయబడి, ఓడలెక్కి, రేవు దాటి, రైలులోనో లారీలోనో పయనించి, వాని పేరైన ఎఱుగని కూలివాని చేతిలో తమ పని నెఱవేర్చుకొన్నవి. అటుపిమ్మట ప్రభుత్వమువారు, ముక్కలు చేయని తుక్కులో ఆయుధములుగాని, గుండ్లుగాని లేవని ఓడ కెక్కించుటకు ముందే తనిఖీచేసి ధ్రువపత్రము పంపవలెనను నియమమును కఠినము చేసిరి. మంచి నియమమే. కాని ధ్రువపత్రము కాగితము, గుండు ఇనుము. ఏడు సముద్రములకు ఆవల వ్రాసిన కాగితముపై ఇచ్చట కూలివాని ప్రాణము నిలుపబడినది.

హిందూపురము ప్రక్కన తూముకుంట పారిశ్రామికవాడలో ఇనుము కరగించు కొలుములు గలవు. అచ్చట పనిచేయువారిలో మన పల్లెలవారును, ఉత్తరదేశమునుండి వచ్చినవారును కలరు. తుక్కు విప్పి వేఱుచేయువానికి తన చేతిలోని గొట్టము పంపుదో, పిస్టలుదో తెలియుటకు ఎవ్వరేమి నేర్పిరి? ప్రేలని గుండుయొక్క బొమ్మ వ్రేలాడదీసిన గోడ ఎన్ని ఆవరణములలో నున్నది? అనుమానము కలిగినప్పుడు పని ఆపినందులకు కూలి కోయబడదను హామీ ఉన్నదా? పైగా, పేర్కొన్న చట్టము భయమొకటి. అట్టిది కనబడినదని ఠాణాకు చెప్పినవాడే మొదట ప్రశ్నింపబడునను శంకతో, మూలనున్న గోతిలో పారవేయుటయే క్షేమమని పనివాడు తలచినచో తప్పెవ్వరిది? చెప్పినవానికి రక్షణ కల్పించు స్పష్టమైన ఉత్తరువు జిల్లా అధికారులు తెలుగులోను, హిందీలోను ప్రకటించి కర్మాగారముల ద్వారములయందు అంటింపవలెను. దీనికి శాసనసభ అక్కఱలేదు, ఢిల్లీ అక్కఱలేదు. కలెక్టరుగారి సంతకము చాలును.

రెండవది కొత్త కర్మాగారముల దారి. గోరంట్ల మండలము పాలసముద్రమువద్ద భారత్ ఎలక్ట్రానిక్సు సంస్థకు భూమి ఈయబడినది. 2025లో మన రాష్ట్రప్రభుత్వము ప్రకటించిన రక్షణపరిశ్రమల విధానములో లేపాక్షి, మడకశిర ప్రాంతమునకు చోటు దొరకినది. మడకశిరవైపు ఫిరంగిగుండ్ల కర్మాగారమునకు భూమి కేటాయింపు మాట వచ్చినది. వానలెఱుగని ఈ సీమకు పరిశ్రమ వచ్చుచున్నదనిన సంతోషింపనివారుందురా? స్వతంత్రదేశము తన ఆయుధములు తానే చేసికొనుటయు యుక్తము. బ్రిటిషువాని బాంబును తిని, బ్రిటిషువాని బాంబునే కొని బ్రదికిన కాలము మనకు గుర్తున్నది. 2023 డిసెంబరు 15న రక్షణశాఖవారు సైన్యమునకు కావలసిన ఎలక్ట్రానిక్ ఫ్యూజులకొఱకు ఆ సంస్థతోనే పదియేండ్లకు 5,336 కోట్ల రూపాయల ఒప్పందము చేసికొనిరి. ఆ పని పూనేకును, నాగపూరుకును చెందినది, పాలసముద్రమునకు కాదు. అయినను ఫ్యూజు ఇకమీదట మన దేశపు సరకేయని అది చాటుచున్నది.

సరకు మనదైనప్పుడు దాని లోపమును మనదే. నూటికి ఎన్ని ఫ్యూజులు పరీక్షలో తప్పినను సరకును అంగీకరింతురు? తప్పినవానిని ఏమిచేయుదురు? పరీక్షాస్థలమున ప్రేలనివాని లెక్క ఎవరి వద్ద నుండును? ఆ స్థలముల చుట్టునుండు పల్లెల పేదలు ఇనుముకొఱకు నిషిద్ధభూమిలో దూఱుట మన దేశమున వినని మాట కాదు. ఈ ప్రశ్నలలో ఫ్యూజు రహస్యమునడుగునది ఒక్కటియు లేదు. అయినను అడుగుటకు వేదిక కావలెను గదా? 2006 సెప్టెంబరు 14నాటి పర్యావరణప్రభావ ప్రకటనలో, దేశరక్షణకు సంబంధించిన పథకములకు ప్రజాభిప్రాయసేకరణ అక్కఱలేదని మినహాయింపున్నది. 2018లో మన రాష్ట్రము భూసేకరణచట్టమునకు చేసిన సవరణ, రక్షణోత్పత్తి పథకములను సామాజికప్రభావ విచారణనుండి తప్పించుటకు ప్రభుత్వమునకు అధికారమిచ్చినది. భూసభలకు స్వచ్ఛందసేవకులుగ పోవు మావంటివారము రైతునకు ఎకరాకు ఎంతయని అడుగుట నేర్పితిమి. ఆ ధరతో మాట ముగియుచున్నది.

ఈ మినహాయింపులు యంత్రరహస్యమును కాపాడుటకే యైనచో రహస్యము కానిదానిని ప్రజలముందుంచుటకు అడ్డేమి? 1986 డిసెంబరు 20న సర్వోన్నతన్యాయస్థానము ఢిల్లీలోని విషవాయువు వ్యాజ్యమున, అపాయకరమైన పరిశ్రమ నడపువాడు తన తప్పున్నను లేకున్నను కలిగిన హానికి పూర్తిగ బాధ్యుడేయని తీర్పు చెప్పియున్నది. ఆ సూత్రమును ప్రేలని గుండునకు కూడ వర్తింపజేయుచు, భూమి ఇచ్చు దస్తావేజులోనే ఒక షరతు వ్రాయించుట రాష్ట్రప్రభుత్వము చేతిలోని పని. కర్మాగారమునుండి గాని, దాని పరీక్షాస్థలమునుండి గాని వెలువడిన ప్రేలని సామగ్రివలన ఎప్పుడు ఎవరికి హాని కలిగినను, ఎన్ని సంవత్సరములు గడచినను, కాలపరిమితి వాదము లేకుండ పరిహారమియ్యవలెను. ప్రేలనివాని లెక్కపుస్తకము ప్రతియేటను కలెక్టరు కచేరిలో దాఖలు చేయవలెను.

పుట్టపర్తి జిల్లాకేంద్రమై 2022 ఏప్రిలు 4న ఏర్పడిన మన శ్రీ సత్యసాయి జిల్లాలో ఇంకను దస్తావేజులన్నియు ముగియలేదు. సంతకములు కాకముందు ఈ షరతును అడుగుటకు హిందూపురము, పెనుగొండ, ధర్మవరము న్యాయవాదుల సంఘములవారు ఒక్కొక్క తీర్మానము చేసి పంపుదురుగాక. తూముకుంట ద్వారములయందు అంటింపవలసిన ఉత్తరువు నకలును ఆ తీర్మానముతోనే జతపఱుపవచ్చును.